బెంగ పెట్టుకున్న పంచదార చిలక

పంచదారతో చేసిన చిలక పుట్టినూరి మీద బెంగతో చిక్కిపోతుందని నమ్మిన తెలివి నాది. మొన్నామధ్య డాలీగంజ్‌లో అక్క ఇంటికి వెళ్తే, వంటింటి కిటికీలో పంచదార పాకం పోసిన గాజు సీసా, అందులో వేలాడుతున్న దారాలు కనబడ్డాయి. ఆ వాసనకు నా చిన్నతనానికి నోరూరింది.

పిన్ని పెళ్లి సారెలో పెట్టిన పంచదార చిలకల్లో ఒకటి విశాఖపట్నం నుంచి ఓడెక్కి మా ఇంటికి వచ్చింది. నేను దాన్ని తినలేదు, పెంచుకున్నాను. ఈ దీవుల తేమకు కరిగిపోకుండా అమ్మ చెప్పినట్టు బియ్యం డబ్బాలో దాచాను. అయినా మర్నాటికి ముక్కు పోయింది. ఆ తర్వాత తోక సన్నబడింది.

"సముద్రం దాటి వచ్చింది కదరా, దానికి వైజాగ్ యాద్ వస్తోంది," అంది అక్క, పెదాలు తుడుచుకుంటూ. "నువ్వు ఏడవకు. నిన్ను చూసి అదింకా ఏడుస్తుంది."

నేను డబ్బాలోకి తొంగిచూసి, అది ఓడ దిగిన చాతం జెట్టీ కబుర్లు చెప్పి చిలకను ఓదార్చేవాణ్ణి. చివరికి బియ్యమే మిగిలింది. అక్క పెదాలు ఎందుకు తుడుచుకుందో తట్టడానికి నాకు మీసాలు రావలసివచ్చింది.

ఇప్పుడు అక్క సైన్సు టీచరు. పాకంలో వేలాడే దారాలకు పటికబెల్లం పలుకులు ఎలా కడతాయో పిల్లలకు చూపించాలట.

"ఒరేయ్, నేను ట్రైనింగుకి వెళ్లొచ్చేదాకా ఈ సీసా థోడా చూస్కో. చీమలు పట్టకూడదు," అంది.

చూసుకున్నాను, రోజూ కొంచెం కొంచెంగా.

తిరిగొచ్చిన అక్క సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. "అన్నీ బాగానే కట్టాయి. ఈ ఒక్క దారం బోసిగా ఉందేంట్రా?"

"చీమ ఒక్కటి కూడా పట్టలేదక్కా," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.