మా మామ చెప్పని వాన

నేను గౌలిపురాకు కాపురానికి వచ్చేనాటికే అత్త లేదు. ఇంట్లో మామ, మా ఆయన, పెళ్లికాని మరిది, వెనక కొట్టంలో బర్రెలు. ఆదివారం పొద్దున పాలకు వచ్చినవాళ్లు గిన్నెలు పట్టుకుని మామ దగ్గర కాసేపు ఆగేవారు. ఈ వారం వాన ఉందా, ఎండేనా అని అడిగేవారు. వడియాలు పెట్టుకునే ఆడవాళ్లు అడిగేవారు, పక్క గల్లీలో షామియానాలు కిరాయికిచ్చే భాయ్ అడిగేవాడు. మామ గడప దిగి, మెడ ఎత్తి చూసి చెప్పేవాడు. మబ్బును ఆయన మొగులు అనేవాడు.

"దూది లెక్క ఇడిఇడిగ ఉంటే ఫికర్ లేదు బిడ్డా," అని పాలు పిండుతూ నాకూ చెప్పేవాడు. "చేప పొలుసుల లెక్క మొగులు పర్సుకుంటే గాలి మారుతది. బూడిద దుప్పటి కప్పినట్టుంటే తుంపరే. అడుగు నల్లగ, నెత్తి కమ్మరోని దాగలి లెక్క సాపుగ ఉందనుకో, బర్రెలను లోపల కట్టెయ్యాలె."

చెప్పినవాటిలో సగం తప్పేవి. ఎవరూ పట్టించుకునేవారు కాదు. అడిగితే ఆయన ముఖం కళకళలాడేది, అందుకే అడిగేవారనుకుంటా.

ఒకసారి షామియానా భాయ్ ఇంట్లో దావత్. వాన రాదన్నాడు మామ. వచ్చింది. బగారన్నం డేగిసాల్లో నీళ్లు నిలిచాయి. మర్నాడు భాయ్ "క్యా చాచా, బారిష్ ఆ గయీ" అని నవ్వి, పాలు పోయించుకుని పోయాడు. అతను మరిచిపోయాడు. మా ఆయన మరిచిపోలేదు.

అప్పటినుంచి మామ పేరు మొగులు సార్. పాలకు వచ్చినవాళ్ల ముందే మరిది ఫోన్ తీసి వారం వాతావరణం పైకి చదివేవాడు. "సోమారం సూర్యుని బొమ్మ ఉంది బాపూ. నీ మొగులేమంటుంది?" మామ చెబితే నవ్వేవారు. చెప్పకపోతే చెప్పేదాకా వదిలేవారు కాదు. మా బాబుకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. వాడికి నొసటికి చెయ్యి ఆనించి "మొగులు సార్, నమస్తే" అనడం నేర్పారు. మొదటిసారి వాడు అలా అన్నప్పుడు మామ కంచం ముందునుంచి లేచిపోయాడు. తర్వాత తర్వాత వింటూనే తినేవాడు. ఆదివారం గడపలోకి రావడం మాత్రం మానేశాడు.

ఆ ఎండాకాలం రేకులు మార్చాలని కొట్టం కప్పు విప్పారు. ఫోన్‌లో వారమంతా ఎండే ఉందని మా ఆయన లారీ వరిగడ్డి దింపించి వాకిట్లో ఆరుబయటే పేర్పించాడు. మర్నాడు మధ్యాహ్నం మామ చాలాసేపు డాబా మీద కూర్చున్నాడు. దిగివచ్చి, మంచం లోపలికి లాక్కున్నాడు.

"బిడ్డా, పిలగాని బట్టలు తీస్కరా," అన్నాడు.

తీగ మీదినుంచి బట్టలు తీస్తూ చూశాను. బహదూర్‌పురా వైపు మబ్బు గోడలా లేచింది, పైన చదునుగా ఉంది.

"మామా, వానొస్తదా? గడ్డి బయటనే ఉంది."

"ఫోన్ల లేదు గద."

మా ఆయనకు ఫోన్ చేశాను. మొఘల్‌పురాలో పాలు పోస్తున్నాడు. "మొగులు సార్ చెప్పిండా?" అని నవ్వి పెట్టేశాడు.

రాళ్లవాన పడింది. గడ్డి మీద కప్పే పట్టా కోసం నేను అటూ ఇటూ పరుగెత్తుతుంటే మామ గోడకు ఆనుకుని చాయ్ తాగాడు. బర్రెలు రాళ్ల దెబ్బలకు అరుస్తున్నాయి. ఆయన అటు తిరగలేదు.

మా ఆయన తడిసి వచ్చాడు. గడ్డి కుప్పను చూశాడు, తండ్రిని చూశాడు.

"నువ్వు చూసినవా బాపూ?"

"చూసిన."

"చెప్పకపోతివి."

"అడగకపోతివి."

కొట్టలేదు, తిట్టలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. తడిసిన గడ్డి లోలోపల వేడెక్కి బూజు పట్టింది. పారెయ్యమని నేనంటే మా ఆయన వినలేదు. ఆ గడ్డి ఒక మోపు తీసుకుపోయి ముసలి బర్రె ముందు వేశాడు. తల్లి చచ్చిపోతే మామ సీసాతో పాలు పట్టి పెంచిన బర్రె అది. ఒట్టిపోయినా అమ్మనిచ్చేవాడు కాదు.

మామ వచ్చి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "అది తింటే సస్తది. దానికి ఎయ్యకు."

"నువ్వు చెప్తే నేను ఇనాల్నా?" అని మా ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. మామ మోపు లాగబోతే మరిది ఆయన్ని భుజాలు పట్టి లోపలికి తీసుకెళ్లి తలుపు గొళ్లెం పెట్టాడు. ఆయన చాలాసేపు తలుపు కొట్టాడు.

బర్రె కడుపుబ్బి, నాలుగోనాటికి చచ్చింది. కళేబరాల బండివాళ్లు కాళ్లకు తాడు కట్టి ఈడుస్తుంటే, మా ఆయన తండ్రి పక్కన నిలబడి, "ఇగ నీది నాది బరాబర్," అన్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. మిగతా బర్రెలను అమ్మేసి, కొట్టం జాగాలో కిరాయికి గదులు కట్టారు. అన్నిటికంటే వెనకది మామకిచ్చారు. అన్నం నేనే తీసుకుపోతాను. మొన్న కంచం పెడుతుంటే, ఇంట్లోంచి మా ఆయన దగ్గు వినబడి అడిగాడు.

"మీవోనికి ఏంది?"

"జెరం, మామా. దవాఖానల సూది ఏసిండ్రు. తగ్గుతలేదు."

"ఎన్ని దినాలైతుంది?"

"వారం."

తల ఊపి, అన్నం కలుపుకున్నాడు. ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.