జనార్ధన్ స్ప్రింగులు, నర్సమ్మ తీర్పులు

మా తూంకుంట జనార్ధన్‌కి ఒకటే పిచ్చి. కనిపించిన మనిషినల్లా తన కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, గుంతల మీదుగా ఒక చుట్టు తిప్పి తెచ్చి, "నిజం జెప్పు, నడుముకెట్లున్నది?" అని అడగటం. నమస్కారం పెడితే తిరిగి నమస్కారం ఉండదు, ఈ ప్రశ్నే ఉంటుంది. తన ద్రాక్షతోటలో మందు కొట్టేవాళ్లని ఎక్కించాడు, పోస్ట్‌మాన్‌ని ఎక్కించాడు, చెల్లెలి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లని కూడా ఎక్కించాడు. ఆ సంబంధం కుదరలేదు. ఒకసారి స్పీడుగా పోతున్నావని ఆపిన కానిస్టేబుల్‌నే ఎక్కించుకున్నాడు. పావుగంట తిరిగాక ఆయన చలానా సంగతి మరిచిపోయి, "ఎనుక జర మెత్తగున్నది సార్" అని సలహా ఇచ్చి దిగిపోయాడు.

దీనికంతటికీ మూలం కార్ల పందెం. శామీర్‌పేట దాటాక ఎవరో వెంచర్ వేసి, మొరం రోడ్లు పోసి, ప్లాట్లు అమ్ముడుపోక వదిలేశారు. ఆదివారం పొద్దున్నే యాప్రాల్, కౌకూర్, అల్వాల్ నుంచి కుర్రాళ్లూ నడివయసు వాళ్లూ పాత కార్లు వేసుకుని అక్కడ చేరేవారు. ఒక్కొక్కరే ఆ రోడ్ల మీద చుట్లు కొట్టాలి. తక్కువ టైంలో పూర్తి చేసినవాడిది గెలుపు. స్టాప్‌వాచీ నా చేతిలో ఉండేది. ఎరువుల దుకాణం మూసుకుని వచ్చి ఆ దుమ్మంతా మింగాల్సిన ఖర్మ నీకెందుకయ్యా అంటే ఏం చెప్పను, స్నేహం! జనార్ధన్‌ది ఎనభై ఎనిమిది మోడల్ మారుతి. ఒక తలుపు గట్టిగా వేస్తే రెండోది తెరుచుకునేది. పందెంలో ఎప్పుడూ అతనిదే ఆఖరు స్థానం.

"తప్పు ఇంజనుది గాదు శ్రీనన్నా, స్ప్రింగులది," అనేవాడు. "మెత్తటియి ఏస్తే మలుపుల కాడ కారు ఒరుగుతాంది. గట్టియి ఏస్తే గుంతల మీద ఎగురుతాంది, టైరు నేలకే ఆనుతలేదు."

"నడుమ రకం ఏస్కోరాదు?"

"నడుమంటే ఎంత నడుమ?"

ఈ ఒక్క ప్రశ్నతో రెండేళ్లు నా ప్రాణం తోడేశాడు.

బొల్లారంలో మెకానిక్ ఆసిం షెడ్డుంది. అక్కడ జనార్ధన్ కోసం ఎప్పుడూ మూడు జతల స్ప్రింగులు సిద్ధంగా ఉండేవి. కంపెనీ ఇచ్చిన మెత్తవి, కోయంబత్తూరు నుంచి తెప్పించిన గట్టివి, ఆసిం ఒక చుట్టు కోసి పొట్టి చేసినవి. ఒకటి బిగించేసరికి రెండోది మేలనిపించేది.

"భాయ్, ఇగ ఫైసలా జెయ్యి," అని ఆసిం తల పట్టుకునేవాడు. "పెండ్లిపిల్లను గూడ గిన్నిసార్లు జూడరు."

"ఇంకొక్క మనిషిని అడిగి జెప్త."

"ఊర్ల ఇంకెవరు మిగిలిండ్రు?"

చిక్కేమిటంటే అందరూ అబద్ధం చెప్పేవాళ్లు. తొందరగా దిగిపోదామని "మస్తుంది, మస్తుంది" అనేవాళ్లు. జనార్ధన్‌కి కావాల్సింది నిజం చెప్పే నడుము.

నిజం చెప్పడంలో మా ఊళ్లో నర్సమ్మని మించినవాళ్లు లేరు. రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోసి బతికే మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. సర్పంచి కొత్త ఇంటికి రంగు వేయిస్తే, "పచ్చకామెర్లు అయినట్టున్నది" అని ఆయన మొహం మీదే అనేసింది. ఇంకో గుణం, ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోదు. జనార్ధన్ తోటలోంచి ద్రాక్షగుత్తి పంపిస్తే సాయంత్రానికల్లా అతనింటికి చెంబెడు పాలు వచ్చేవి.

ఆ ఏడు నర్సమ్మ మెడ మీద గడ్డ లేచింది. సిటీ డాక్టర్లు చూసి, క్యాన్సరే గానీ తొందరగానే వచ్చావు, నెలన్నర పాటు రోజూ వచ్చి కరెంటు పెట్టించుకుంటే పోతుంది, మానేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది అన్నారు. బస్సులు మారి మారి రెండు రోజులు వెళ్లింది. మూడో రోజు సగం దారిలో కళ్లు తిరిగి కూలబడి, వెనక్కి వచ్చేసింది.

"ఇగ నేను పోను. రాసిపెట్టినంతే బతుకుత," అంది.

మేమిద్దరం వెళ్లాం. జనార్ధన్ మెల్లగా, "అత్తా, నా కార్ల దింపుత" అన్నాడు.

"నీ పెట్రోలు నాకెందుకు, నీ పొద్దు నాకెందుకురా? ఒకల కారు ఎక్కి తిరిగే గతి నాకింక రాలే!" అని తలుపు వేసేసుకుంది.

నాకు భయం పట్టుకుంది. మొండితనంతో ఈ మనిషి చచ్చిపోతుందని ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున నా దుకాణం ముందు మారుతి ఆగింది. వెనక సీట్లో నర్సమ్మ, సర్పంచి కంటే దర్జాగా కూర్చుని ఉంది.

"ఏందత్తా?" అన్నాను ఆశ్చర్యంగా.

"వీనికి నిజం జెప్పేటోడు ఒక్కడు దొర్కలేదంట. రోజుకొక స్ప్రింగు మారుస్తడంట, నేను జూసి జెప్పాలెనంట. కాళ్లు మొక్కినంత పని జేసిండు, ఇగ తప్పుతదా? సిటీ రోడ్డైతేనే అన్ని రకాల గుంతలుంటయంట. దార్ల నా దవాఖాన పని గూడ అయితది."

జనార్ధన్ నా వైపు చూడకుండా గేరు వేశాడు.

ఇక రోజూ ఇదే తంతు. యాప్రాల్ అన్వేష్ వరసగా పందేలు గెలుస్తూ, "జనార్ధనన్న ముసలమ్మను ఏస్కొని ప్రాక్టీస్ జేస్తుండట" అని అందరినీ నవ్వించేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు బొల్లారంలో ఆసిం కనిపిస్తే, "రోజూ స్ప్రింగులు మార్చలేక చస్తున్నావా?" అని అడిగాను.

"ఏం స్ప్రింగులు? భాయ్ మొకం జూసి నెలాయె. గట్టియి, పొట్టియి అన్నీ ఈడ్నే పడున్నయ్."

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు.

తర్వాతి రోజు నేనూ కారెక్కాను. బయలుదేరే ముందు జనార్ధన్ కారు కింద దూరి, పానాతో టకటకా నాలుగు దెబ్బలు కొట్టి, ముక్కుకి గ్రీజు పూసుకుని బయటికి వచ్చాడు.

"వేరేయి ఏసిన అత్తా. జర సూస్కొని జెప్పు."

అల్వాల్ చేరేసరికి తీర్పు వచ్చింది. "నిన్నటియే నయం. ఇయ్యాల ముందట మెత్తగైంది. ఎడమ దిక్కు లాగుతాంది గూడ."

"నాకూ గట్లనే అనిపించిందత్తా," అన్నాడు జనార్ధన్ గంభీరంగా. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కున్నాను. పాపం, పిచ్చి మనిషి, ఎంత శ్రద్ధగా చెబుతోందో అనుకున్నాను.

కరెంటు పెట్టడం అయిపోయింది. కొన్ని వారాల తర్వాత పరీక్షలు చేసి డాక్టరు ఏమంటాడోనని ఆస్పత్రి మెట్ల దగ్గర మేమిద్దరం నిలబడ్డాం. జనార్ధన్ పక్కనున్న స్కూటర్ సీటుని నొక్కుతూనే ఉన్నాడు. నర్సమ్మ బయటికి వచ్చింది.

"లేదంట. మొత్తం పోయిందంట," అంది.

జనార్ధన్ ఆ మెట్ల మీదే చతికిలబడ్డాడు. నా గుండెల మీంచి యూరియా బస్తా దించినట్టయింది. అంత హాయిగా ఊపిరి పీల్చి ఎన్నాళ్లయిందో.

ఆ వారం పందెం ఉంది. శనివారం జనార్ధన్ బొల్లారం వెళ్లి, ముందూ వెనకా గట్టి స్ప్రింగులు వేయించుకుని వచ్చాడు. "అత్తా, రేపు పందెం. ఆఖరిసారి జూసి జెప్పు" అన్నాడు. నర్సమ్మ అలవాటుగా ఎక్కి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, సీటుకి జారబడింది. నేను ముందు కూర్చున్నాను. హకీంపేట ఇవతల స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కారు ఎగిరి పడింది. నర్సమ్మ తల టాపుకి ఠంగుమని తగిలింది.

"ఓరి నీ పాడుగాను! ఇయ్యాల నిజంగనే మార్సినవురా!"

జనార్ధన్ కారు పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగాడు.

"అంటే... ఇన్ని దినాలు మార్సలేదని నీకెర్కనా?" అన్నాడు.

"ఎర్క లేకేంది? మొదటి దినమే ఎర్క."

"మరి ముందట మెత్తగైంది, ఎడమకు లాగుతాందని గన్ని మాటలు జెప్పితివి?"

"పని ఒప్పుకున్నంక ఏదన్న జెప్పాలె గదరా! నువ్వు కిందికి దూరి ఉత్త సప్పుడు జేస్తివి, నేను ఉత్త మాటలు జెప్పిన. ఎర్కనంటే నువ్వు నన్ను ఊకె తిప్పుతున్నట్టైతది. ఊకె నేనెవ్వరి కారెక్క."

పిచ్చి మనిషి అని ఎవర్ని అనుకున్నానో తలుచుకుని నాకు నవ్వాగలేదు. జనార్ధన్ చెవులు ఎర్రబడ్డాయి.

నర్సమ్మ నెత్తి రుద్దుకుంటూ, "ముందట గట్టియి ఉండని. ఎనుక మాత్రం పాతయే ఎయ్యి. ఎనుక మనుషులు గూసుంటరు," అంది.

రెండేళ్లుగా తేలని ఫైసలా అలా తేలిపోయింది. ఆదివారం అవే స్ప్రింగులతో దిగి, జనార్ధన్ ఆఖరి నుంచి రెండోవాడిగా వచ్చాడు. ప్రపంచాన్ని గెలిచినట్టు నేరుగా నర్సమ్మ ఇంటికే కారు తోలాడు.

ఆమె బర్రెకి కుడితి పెడుతూ అంతా విని, "మరి ఆఖరొచ్చినోడెవడు?" అంది. "వాని కారు గూడ తీస్కరా. ఒకసారి గూసొని జూస్త."