నాన్న కూర్చునే వైపు తలుపు

కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో నాన్న ఒక పాత కారు కొన్నాడు. బెంగళూరుకు బాడుగకు తిప్పుతానన్నాడు. కొన్నేళ్లు తిప్పాడు కూడా. తర్వాత ఊపిరితిత్తులు మొరాయించాయి. భూమి లోపల ఏళ్ల తరబడి డ్రిల్లు మిషనుతో రాయి తొలిచి, ఆ పొడి పీల్చిన మనిషికి ఇంకేమవుతుంది? స్టీరింగు కూతురినైన నా చేతికొచ్చింది. నాన్న వెనక సీటులో ఎడమవైపుకు మారాడు.

నెలనెలా కోలారు ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని. దారిలో దగ్గు తెర వస్తే ఆయన కూర్చుని ఉండలేడు. వెంటనే దిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడాలి. అప్పుడే కాస్త గాలి ఆడేది. కాబట్టి మా కారులో ముఖ్యమైనది ఇంజను కాదు, ఆ ఎడమ తలుపు.

ఆ తలుపే ఎదురు తిరిగింది. బంగారుపేట దాటాక దగ్గు మొదలైంది. బండి పక్కకు తీసి, నాలుగు తలుపుల తాళాలూ ఒకేసారి తీసే లాక్ మీట నొక్కాను. మూడు తలుపులు టక్కుమన్నాయి. నాలుగోది సన్నగా మూలిగి ఊరుకుంది. బయట నుంచి లాగినా రాలేదు, లోపలి బుడిపెను గోళ్లతో పీకినా లేవలేదు. నాన్న వేళ్ల కణుపులతో అద్దం మీద కొడుతున్నాడు. గాబరాగా కాదు, ఆగి ఆగి, ఒకే తీరుగా. ఒకసారి గనిలో బండలు కూలి దారి మూసుకుపోతే, బతికే ఉన్నామని తెలియడానికి పైపు మీద రాయితో అలా కొట్టామని నా చిన్నప్పుడు చెప్పేవాడు. అవతలి తలుపులోంచి దూరి, చంకల కింద చేతులు వేసి సీటు మీదుగా ఈడ్చాను. టమాటా లారీలు హారన్ కొట్టుకుంటూ పోతూనే ఉన్నాయి. ఒక్కడూ ఆగలేదు.

ఇంటికొచ్చాక నాన్న తేల్చి చెప్పేశాడు.

"ఇంగ ఆ బండి ఎక్కనమ్మా. కిందనుంచి బతికి పైకొచ్చింది డబ్బాలో చచ్చేకి కాదు."

బస్సెక్కే సత్తువ లేదు. ఆటోలో దుమ్ము. ఆంబులెన్స్ మాటెత్తితే గోడవైపు తిరిగిపోయేవాడు. మందులు అయిపోవస్తున్నాయి. గదిలో ఆయన ఊపిరి ఈల వీధి గుమ్మం దాకా వినబడేది. ఆ తలుపు బాగుపడితే తప్ప ఆయన ఆసుపత్రికి రాడు. రాకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

రాబర్ట్‌సన్‌పేటలో ఎలక్ట్రీషియన్ తలుపు ముట్టుకోకుండానే తీర్పు చెప్పాడు. "తలుపు తాళం మోటారు పోయిండాదక్కా. ఈ బండికి యాడా దొరకదు. పాతసామాన్లకు ఏసేయండి."

"పోయిన మోటారు మూలుగుతాదా, నీ మొహం!" అనేసి వచ్చాను. నా నోరు అంత మంచిది కాదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే నేనే మొదలుపెట్టాను. మిగతా మూడూ పనిచేస్తున్నాయంటే ఫ్యూజు బాగానే ఉన్నట్టు. తలుపు మడతబందుల దగ్గర రబ్బరు గొట్టంలో తీగలు తెగుతుంటాయి. అక్కడ టెస్టు లైటు పెడితే భేషుగ్గా వెలిగింది, తీగలూ బాగానే ఉన్నాయి. తలుపు లోపలి అట్ట ఊడదీసి, మోటారుకూ తాళానికీ మధ్య ఉన్న కడ్డీ తప్పించాను. మీట నొక్కితే మోటారు ఒక్క ఉదుటున కదిలింది. అయితే జబ్బు తాళంలోనే. వేలు పెట్టి చూస్తే బూడిద రంగు ముద్ద, సిమెంటులా గట్టిపడి ఉంది.

గ్రీసు. దాని నిండా సైనైడ్ దిబ్బల దుమ్ము. గనిలోంచి తీసిన రాయిని పొడిచేసి, సైనైడుతో బంగారం లాగేసుకుని, మిగిలిన పిండిని ఊరి మధ్య కొండల్లా పోసి పోయారు. గాలి లేస్తే అది మా అన్నం కంచాల్లోకి కూడా వచ్చేది.

"ఎవురు పెట్టినారు ఇది?" అని అరిచాను.

గడప దగ్గర కుర్చీలోంచి నాన్న అన్నాడు. "నేనే. నువ్వు లేనప్పుడు పెడతా ఉంటిని. మిషనంటే గ్రీసు పెట్టల్ల కదమ్మా. లేకుంటే పట్టేస్తాది."

కింద గనిలో, నీళ్లు కారే చోట, అది సరైన పనే. పైన ఈ ఎండు దుమ్ములో అదే పని తలుపును బిగించేసింది. కార్మికులకు వరసగా కట్టిన మా లైను ఇళ్లన్నిటిలో గని మనుషులది ఇదే వరస. సైకిలుకు గ్రీసు, కుట్టుమిషనుకు గ్రీసు, గొళ్లేనికి గ్రీసు. సగం గొళ్లేలు పడేవి కావు. నాన్నను గట్టిగా తిట్టాలనుకున్నాను. కూతురు నడిపే బండి ఎక్కడా ఆగకూడదని, దగ్గుకుంటూ వంగి ఆ పని చేసుకున్నాడని తోచేసరికి ఆ కోపం పోయింది. ఏడుపొచ్చింది.

కిరసనాయిలు పోసి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది రుద్ది కడిగాను. మీట నొక్కాను. నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమన్నాయి. నాన్నను సీటులో కూర్చోబెట్టి, ఆయన చాలనేదాకా లాక్ వేసి తీసి చూపించాను. కొసకు తలూపాడు. "సరే, రేపు పోదాం."

మర్నాడు దారిలో దగ్గు రాలేదు. నాకు కొంచెం గర్వంగానే ఉంది. ఆసుపత్రి ముందు బండి ఆపి మీట నొక్కాను. నాలుగూ పలికాయి. నేను దిగి నిలబడ్డాను. నాన్న తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఒళ్లు మండిపోయింది. కారును, నా పనితనాన్ని కలిపి తిట్టుకుంటూ అటు పరిగెత్తి, బలమంతా పెట్టి లాగాను. తలుపు తేలిగ్గా వచ్చేసింది. నేను వెనక్కి తూలాను.

నాన్న చెయ్యి ఇంకా లోపలి పిడి మీదే ఉంది. నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. ఊపిరి కాస్త అందగానే అన్నాడు.

"తలుపు బాగానే ఉండాదమ్మా. తోసేకి నాకే చేత కాలేదు."