మొద్దుబారిన కాలి మీద చెయ్యి

దయ్యాల మాటెత్తితే మా వాడలో ముందు నవ్వేది నేనే. ఇప్పుడూ నమ్మను. కానీ ఆ ఒక్క సంగతి మాత్రం నాకింకా మింగుడు పడదు.

తెలంగాణ ఉద్యమం రోజులు. మాది కోరుట్ల. ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుట్టే పని. అందుకు కాలు మడిచి కూర్చోవాలి. నా కుడి మోకాలేమో మడవనిచ్చేది కాదు. లోపల ఏదో అడ్డం పడినట్టు నొప్పి. కూర్చున్నా కుదురు లేదు, నిలబడ్డా కుదురు లేదు.

జగిత్యాలలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. సిరిసిల్లలో మా పుట్టింటివాళ్లు గుజ్జు అరిగిందని తేల్చేశారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, తలా ఒక నూనె రుద్దించారు.

చివరికి కరీంనగర్‌లో ఎమ్మారై స్కానింగ్‌లో బయటపడింది. మోకాలి కీలు లోపల, రెండు లిగమెంట్ల నడుమ నీటితిత్తి. ఎక్స్‌రేలో అది కనిపించదట. నేను క్యాన్సరే అనుకుని ఏడ్చాను.

"క్యాన్సర్ కాదమ్మా. రెండు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతోని చూసుకుంట తీసేస్తం," అన్నాడు డాక్టరు. మళ్లీ కాలు మడుస్తానా అంటే మాత్రం "చూద్దాం" అన్నాడు. ఆ మాట నన్ను నిలవనియ్యలేదు. కాలు మడవకపోతే నా బతుకే ఆగిపోతుంది.

పక్కింటి షమీమ్ ఆపా నాకు అక్కలాంటిది. ఆమె, నేను ఏళ్లుగా ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుడతాం. ఆపరేషన్‌కు తోడు వస్తానంది. తీరా ఆ రోజు బంద్, బస్సుల్లేవు. మా ఆయనా నేనూ ముందురోజే ఆసుపత్రిలో చేరాం కాబట్టి సరిపోయింది. ఆమె కోరుట్లలోనే ఆగిపోయింది.

నడుముకు మత్తు సూదేశారు. కాళ్లు గిల్లి చూశారు, నాకు తెలియలేదు. కానీ ఆపరేషన్ మొదలయ్యాక నా కుడి పాదాన్ని ఎవరో పట్టుకుని రుద్దుతున్నారు. వెచ్చటి అరచెయ్యి. నర్సేమో అనుకున్నాను. గుండెదడ తగ్గింది.

అయ్యాక అడిగితే నర్సు నవ్వింది. "పాదానికి మొత్తం గుడ్డ చుట్టినం గదమ్మా. ఎవలు ముట్టుకుంటరు?"

మత్తు వల్ల అట్లా అనిపిస్తుందన్నాడు డాక్టరు. సరే అనుకున్నాను. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఇల్లు చేరిన రోజు ఆపా పరుగున వచ్చింది. కుశలమైనా అడగకుండా నా పాదం పట్టుకుని చూసింది.

"బంద్ నాడు గీ కాలు గంత సల్లగుండెనేందే లచ్చుమీ? ఎంత రుద్దినా వేడెక్కకపాయె. నా చెయ్యే మొద్దువారింది."

"బంద్ నాడు నువ్ గీడనే కోరుట్లల ఉంటివి గద ఆపా?"

ఆమె తన అరచెయ్యి చూసుకుంది. "గీడనే ఉన్న గద," అంది మెల్లగా. ఆమె మొహంలో భయం చూసి నాకు ఏడుపొచ్చింది.

మళ్లీ ఆ మాట మేమెప్పుడూ ఎత్తలేదు. కాలు మడుచుకుని రోజూ ఆమె ఎదురుగానే కూర్చుంటున్నాను. ఆ రోజు నా దగ్గరికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇక నాకేం తెలుస్తుంది?