నీళ్ల మీద సరిహద్దు

నేను అండమాన్ దీవుల్లోని రంగత్‌లో పదకొండో తరగతి పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాను. రాజ్యం అంటే ఏమిటన్న పాఠం ఏటా ఒకేలా మొదలుపెట్టేవాణ్ణి. జనం, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. ఈ నాలుగూ బోర్డు మీద రాసి, ఒక్కొక్కదానికీ ఉదాహరణ చెప్పి, గంట కొట్టేలోపు ముగించేవాణ్ణి. మనిషి ఏ దేశానికీ పౌరుడు కాకుండా బతకలేడా అని ఎవరైనా అడిగితే, అది సిలబస్‌లో లేదని నవ్వేసేవాణ్ణి.

ఆ వేసవి సెలవుల్లో డిగ్లీపూర్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. బావకు సొంత పడవ ఉండేది. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపల వేటగాళ్లు. నేను చదువులో పడి వల వదిలేశానే గానీ, సముద్రం నాకు కొత్త కాదు. బావతో వెళ్లే మనిషికి జ్వరం తగిలింది.

"రా మేష్టారూ, సాయంత్రానికి వచ్చేద్దుం. ఒడ్డున కూకుని ఏటి సేస్తావు?" అన్నాడు బావ.

మధ్యాహ్నానికి ఇంజను ఆగిపోయింది. బావ విప్పాడు, తుడిచాడు, బిగించాడు, తిట్టాడు. అది పలకలేదు. గాలి తిరిగింది. నీరు మమ్మల్ని ఉత్తరానికి, తర్వాత తూర్పుకు లాక్కుపోయింది. ఫోన్లలో సిగ్నల్ లేదు. చూస్తుండగానే మా కొండ సన్నబడి, నీలంలో కలిసిపోయింది. తాగే నీళ్లు అడుగంటాయి. పట్టిన చేపనే పచ్చిగా నమిలాం. చివరికి మూడో రోజున బూడిదరంగు పడవ ఒకటి కనిపిస్తే ఇద్దరం లేచి చొక్కాలు విప్పి ఊపాం. దగ్గరికి వచ్చాక చూస్తే దాని మీద జెండా మనది కాదు.

అందులోంచి దిగిన సైనికుడు మొదట మాకు నీళ్లిచ్చాడు. మేం తాగడం అయ్యేదాకా ఆగాడు. తర్వాత అతనే మా చేతులు వెనక్కి కట్టాడు.

పొరుగు దేశపు తీరంలో ఒక చిన్న ఊరికి తీసుకెళ్లారు. పోలీస్ స్టేషన్ వెనక గది. కిటికీ తలకు పైన ఉంది. దానిలోంచి ఒక కొబ్బరాకు కొస, కాస్త ఆకాశం. మేం వెళ్లిన వారంలోనే వానలు పట్టుకున్నాయి. గోడలు చెమ్మెక్కాయి, చాపలు బూజు వాసన వేశాయి. పగలంతా రేకుల మీద వాన హోరు. ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. అందుకని మాట్లాడుకోవడం తగ్గించాం.

కొట్టలేదు. అన్నం పెట్టారు. కాపలా ఉండేవాడు మా కంటే చిన్నవాడే. తన కూతురి ఫొటో ఫోన్లో చూపించేవాడు, బావకు తన చుట్టల్లో ఒకటి ఇచ్చేవాడు. మేం ఎప్పుడు వెళ్తామని సైగలతో అడిగితే చూపుడు వేలు పైకెత్తేవాడు. పైవాళ్లు చెప్పాలి అని. ఒకసారి అతని పైవాడు వచ్చాడు. ఆయన కూడా మర్యాదగానే మాట్లాడాడు. ఆయనా వేలు పైకే ఎత్తాడు.

బావ ఓ రోజు గోడకు తల ఆనించి అడిగాడు. "నువ్వు పిల్లలకి సెప్తావు గదా మేష్టారూ. ఈ సర్కార్ అంటే ఎవులు? ఎవుడి కాళ్లు పట్టుకుంటే తలుపు తీస్తాడు? ఆ మనిషి పేరు సెప్పు సాలు."

నేను నోరు తెరిచాను. రాజ్యం ఒక వ్యక్తి కాదు బావా, అది ఒక వ్యవస్థ, అని చెప్పబోయాను. ఆ మాట ఎంత నిజమో అప్పుడే ఒంటికి తెలిసింది. కోపం తెచ్చుకుందామంటే ఎదుట మనిషి లేడు. ఉన్నవాళ్లంతా మంచివాళ్లే. తాళం మాత్రం వేసే ఉంది. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా మాట అక్కడ ఎవరికీ రాదు. వాళ్ల మాట మాకు రాదు. వాంగ్మూలం తీసుకోవాలి గనక ఎక్కడో వెతికి ఒక ముసలామెను పిలిపించారు. బజారులో పిండివంటలు అమ్ముకునే మనిషి. లుంగీ, చెంపలకు గంధంలాంటి పూత, అచ్చం ఆ ఊరి ఆడవాళ్లలాగే ఉంది. లోపలికి వచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసి అంది:

"ఏటి నాయినా, ఏ ఊరు మీది? ఒంట్లో బాగుందా?"

బావ ఏడ్చేశాడు. ఇంజను ఆగినప్పుడు ఏడవని మనిషి, చేతులు కట్టినప్పుడు ఏడవని మనిషి.

ఆమె తాతలు కూడా మా తీరం నుంచే ఓడ ఎక్కారట. మా వాళ్లు ఒక రేవులో దిగితే వాళ్లు మరో రేవులో దిగారు. ఆమె తెలుగు మా నాయనమ్మ తెలుగులా ఉంది, హిందీ ముక్క ఒక్కటీ కలవకుండా. అధికారి అడగడం, ఆమె మాకు చెప్పడం, మేం చెప్పింది ఆమె అటు తిప్పడం. మధ్యలో ఆయన చూడనప్పుడు, "బెంగెట్టుకోకండి, తిండి మానకండి," అని కలిపేది.

పని అయ్యాక నన్ను అడిగింది. "మా తాతోల ఊర్లో సముద్రం ఎలాగుంటాది బాబూ? ఇసకేనా, రాళ్లా?"

"నాకూ తెలీదు మామ్మా. నేనూ ఎప్పుడూ సూడలేదు. దీవుల్లోనే పుట్టాను."

ఆమె నవ్వింది. తనకు ఆ దేశపు గుర్తింపు కార్డు ఉందట గానీ, అది మిగతావాళ్ల కార్డు రంగు కాదట, పూర్తి పౌరులకిచ్చేది కాదట. ఊరు దాటాలంటే స్టేషన్‌లో చెప్పి వెళ్లాలట. "మీకైతే ఎల్లడానికి ఒక దేశం ఉంది నాయినా," అంది లేస్తూ. అందులో ఫిర్యాదు లేదు. కొంగు లేని భుజాన్ని అలవాటుగా సర్దుకుని, వానలోకి వెళ్లిపోయింది. తర్వాత ఇంకో రెండుసార్లు కాపలావాడి చేత వేడి బూరెలు పంపింది. ఆమెను మళ్లీ చూడనివ్వలేదు.

మన దౌత్య కార్యాలయం నుంచి ఒకాయన వచ్చినప్పుడు, ఇస్త్రీ చొక్కా చూసి, ఇవాళే వెళ్లిపోతామనుకున్నాను. ఆయన హిందీలో మా క్షేమం కనుక్కున్నారు, సబ్బులు, బిస్కెట్లు ఇచ్చారు. "మీరు భారతీయులేనని అక్కడి నుంచి ధ్రువీకరణ రావాలి," అన్నారు.

"నేను గవర్నమెంటు మాష్టర్ని సార్."

"తెలుసు. అయినా రావాలి."

ఆయన వెళ్లాక ఆ సబ్బు వాసన చాలాసేపు గదిలో ఉంది. మనదేశం అంత దగ్గరగా వచ్చి వెళ్లడంతో గది ఇంకా ఇరుకైంది. బావ ఆ బిస్కెట్లు ముట్టుకోలేదు.

వానలు వెనకబట్టాక వదిలారు. పడవ ఇవ్వలేదు. విమానంలో కోల్‌కతా, అక్కణ్ణుంచి పోర్ట్ బ్లెయిర్. దిగగానే మనవాళ్లు మమ్మల్ని మరో గదిలో కూర్చోబెట్టారు. ఎందుకు వెళ్లారు, ఎవరిని కలిశారు, ఎవరేం అడిగారు. ఇక్కడ ఫ్యాను ఉంది, టీ ఇచ్చారు, అడిగేది నాకు వచ్చిన భాషలోనే. నేను మాత్రం తలుపు వైపే చూస్తూ జవాబులు చెప్పాను. ఎప్పుడు పంపిస్తారని అడిగితే ఆ ఆఫీసరు, పాపం, మొహమాటంగా పైకి చూశారు.

పంపించాక ఆ ఊళ్లోనే డెలానీపూర్‌లో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్లాం. అక్క అక్కడే కాచుకుని ఉంది. బావ మొహం, చేతులు, వీపు తడిమి చూసుకుంది.

"ఏటి సేసారు మిమ్మల్ని? దాయకుండా సెప్పు."

"ఏటీ సెయ్యలేదే," అన్నాడు బావ. "బాగానే సూసుకున్నారు. తలుపేసి ఉంచారంతే."

అక్క నమ్మలేదు. నావైపు చూసింది. నేను అవునని తల ఊపాను.

బావ ఇప్పుడు ఇంకొకరి పడవ మీద వెళ్తున్నాడు, కొండ కనిపించేంత దూరమే. నేను క్లాసులో తలుపు తెరిచే ఉంచుతాను. వరండాలో గోలకి పాఠం వినబడటం లేదని పిల్లలు గొణుగుతారు. గొంతు పెంచి చెబుతాను.