అరికాలికి తెలియని దారం

మొన్న చౌటుప్పల్‌లో షుగర్ పరీక్షకు పోయినప్పుడు నర్సమ్మ నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం అరికాలికి ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నది. తగిలిందని చెబుతూనే ఉన్నాను గాని, మనసు మాత్రం రాష్ట్రం వచ్చిన కొత్తలో ఇట్లాంటి దారం ముందే కూర్చున్న మా బాపు దగ్గరకు పోయింది.

అప్పుడు మా ఇంట్లో మగ్గం ఆడుతుండేది. బాపు నూలుకు రంగులద్ది నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, నేను చీరల నమూనాలు గళ్ల కాగితం మీద లెక్కగట్టి వేసేవాడిని. చదువు పదో తరగతితో ఆగినా, ఏ రంగు ఎన్ని పోగులకు రావాలో కూడుకుంటూ గుణించుకుంటూ నేర్చుకున్న ఆ లెక్కే తర్వాత మందుల కంపెనీ స్టోరులో నాకు అన్నం పెట్టింది. గుంట మగ్గం సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, పొద్దంతా కింది కర్రలను తొక్కుతుండాలి. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, కాస్త నడిస్తే దిగిపోతుంది. మా వాడలో దాన్ని రోగమని ఎవరూ అనుకోలేదు, అందుకే బాపు కాళ్ల తిమ్మిరి దిగడం ఎప్పుడు మానేసిందో మాకూ తెలియలేదు, ఆయనా చెప్పలేదు.

ఒకనాడు అమ్మ, మగ్గం దగ్గరి నుంచి వాకిలి దాకా ఎర్రటి చుక్కలు చూసి, రంగు ఒలకబోసుకొని ఇల్లంతా తిరుగుతున్నాడని బాపును బాగా తిట్టింది. అంతా విని ఆయన నిదానంగా అన్నాడు.

"ఈ వారం మనం ఎరుపు ఎక్కడ అద్దినమే? నలుపు, పసుపే గదా."

అప్పుడు ఆయన కాలు ఎత్తి చూశాము. తొక్కుడు కర్రలోంచి పైకి లేచిన మేకు అరికాలిని చీల్చింది. ఆ గాయాన్ని ఆయనా మాతోపాటే మొదటిసారి చూశాడు.

దవాఖానలో రక్తంలో చక్కెర బాగా ఎక్కువుందని తేలింది. నర్సు దారంతో పరీక్షించింది. వేళ్ల మధ్య తిప్పి నూలు ఎంత సన్నదో నంబరుతో సహా చెప్పగలిగిన మనిషి, ఇదేదో నెగ్గాల్సిన పరీక్ష అనుకొని, కళ్లు మూసుకొని తోచినప్పుడల్లా "ఆ" అన్నాడు. దారం తాకిన లెక్క కంటే ఆయన "ఆ" అన్న లెక్క ఎక్కువ తేలింది. నర్సు మొదట నవ్వి, తర్వాత నవ్వడం మానేసింది.

రక్తంలో మిగిలిపోయిన చక్కెర, రక్తకణాల మీది పొరలకు అంటుకుంటుందని, మెత్తగా వంగాల్సిన పొర బిరుసెక్కి పాడవుతుందని డాక్టరమ్మ వివరించింది. బాపు అడిగాడు.

"గంజి ఎక్కువైన పోగు లెక్కనా, డాక్టరమ్మా?"

"అట్లనే అనుకో పెద్దయ్యా. గంజైతే ఉతికితే పోతది. ఇది ముదిరితే పోదు."

తర్వాత నేను దొరికిన పుస్తకాలు చదివి సరిచూసుకున్నాను. అన్నిటికన్నా సన్నని రక్తనాళాల కంటే ఎర్ర కణమే వెడల్పు, అది ఒంగి దూరాల్సిందే. పొర బిరుసైతే సులువుగా దూరలేదు, ఆ దారిలో ఉన్న నరానికి అందాల్సింది అందదు. కాలు మొద్దుబారడానికి అదొక్కటే కారణం కాదట గాని, లెక్కలో అదీ ఉంది.

గాయం మానినాక, వట్టి కాళ్లతో గుంటలోకి దిగవద్దని, చెప్పులైనా వేసుకోవాలని, లేదంటే నేత మానాలని డాక్టరమ్మ చెప్పింది. దేవుడిలా మొక్కే మగ్గాన్ని చెప్పులతో తొక్కడం మా ఇంట్లో ఊహకందని మాట. దాని కంటే దిగకుండా ఉండడమే నయమని బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మగ్గం లేని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజుల్లోనే తెలిసింది. చివరికి అమ్మ తెల్లటి ముతక గుడ్డ నాలుగు పొరలు వేసి మేజోళ్లు కుట్టింది. మేకు పీకి కర్రలకు గుడ్డ చుట్టాము. రోజూ పాదాలు చూసుకునేటట్టయితే సరేనని డాక్టరమ్మ ఒప్పుకున్నది. తెలుపే ఎందుకని నేను అడగలేదు. ఎరుపు కనపడేది దాని మీదే.

ప్రతి సాయంత్రం అమ్మ ఆ మేజోళ్లు విప్పి, వాకిట్లో వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసేది.

"సేటు చీరె చూసినట్టు చూస్తున్నవేందే?" అనేవాడు బాపు, మాకు నూలిచ్చి కూలికి నేయించుకునే సేటును తలచుకొని.

"సేటుకు మరక దొరికితే కూలి కోస్తడు. నాకు దొరికితే నీ మగ్గం బందు."

మరక మళ్లీ దొరకలేదు. బాపు ఇంకొన్నేళ్లు నేసి, వేరే జబ్బుతో పోయాడు. ఆ తర్వాత మగ్గం విప్పేశాము, గుంట పూడ్చి పైన బండలు పరిచాము. నేను బూట్లేసుకొని కుర్చీలో కూర్చొని చేసే పనికి వచ్చాను, షుగర్ కూడా వెంట వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో నేల మీద ఎర్ర చుక్క పడితే అది నెత్తురేనని ఎవరైనా వెంటనే గుర్తుపడతారు. ఆరోగ్యం లెక్కన చూస్తే అది మంచిదే. రంగు ఒలకబోశావని తిట్టే అమ్మా లేదు, ఒలకబోయడానికి రంగూ లేదు.