మొగిలి ఘాటులో నా బండిని ఎక్కించిన మనిషి

పోయిన శనివారం పొద్దున మా చిత్తూరు మెకానిక్ భాయి కన్నుమూశాడు. పోయినవాళ్ళను పొగడడం లోకాచారం. నేను మాత్రం ముందు నా కోపం చెబుతాను. పన్నెండేళ్ళు మోశాను దాన్ని. నా పికప్పు బండి పరుగును చంపినవాడు ఆయనే.

నేను చదివింది మూడో తరగతి. డీజిల్ పికప్పులో మామిడికాయలు వేసుకుని బెంగుళూరు మార్కెట్టుకు తోలినవాణ్ణి. ముందు చేరినవాడి కాయకే గిరాకీ. అందుకని మాకు వేగమే ప్రాణం. ఒకసారి వెనక ఇరుసులో పళ్ళచక్రాలు అరిగిపోతే బండిని భాయి షెడ్డులో విడిచాను. ఆయన బాగుచేసి ఇచ్చిన రోజు నుంచి చదును రోడ్డు మీద ఎంత తొక్కినా బండి పరిగెత్తలేదు. ఇంజన్ అరిచేది, స్పీడు ముల్లు మాత్రం కదిలేది కాదు. నా వెనక బయలుదేరినవాళ్ళంతా పలమనేరు దాటాక హారన్ కొట్టి ముందుకు పోయేవాళ్ళు.

"ఏమప్పా, ఎద్దుల్ని కట్టేదా?" అని టీ అంగడి దగ్గర ఎగతాళి.

షెడ్డుకు పోయి గొడవ పెట్టుకున్నాను. భాయి నిండు టీ గ్లాసు బానెట్ మీద పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. టీ తొణక్కపోతే ఇంజన్ బాగున్నట్టు, అది ఆయన పరీక్ష. తొణకలేదు. ఆ టీనే తాగుతూ అన్నాడు: "ఇంజన్ బలం ఒకటే ఉంటాదప్పా. పరుగుకైనా ఇయ్యి, ఎత్తుకైనా ఇయ్యి. రెండింటికీ ఇయ్యాలంటే యాడ నుంచి తెచ్చేది?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకునే గుణమూ నాకు లేదు.

మొగిలి ఘాటు సంగతి కూడా చెప్పాలి. లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు బండి వెనక ఒక మనిషి చెక్కదిమ్మె పట్టుకుని నడిచేవాడు. బండి ఆగి వెనక్కి జారితే చక్రం కింద దిమ్మె వేయాలి. నా బండికి ఆ మనిషి మా బామ్మర్ది. ఆ రిపేరుకు ముందు నెలలో ఘాటు నడుమ బండి జారింది. దిమ్మెతో పాటు వాడి కాలివేళ్ళు రెండు చక్రం కింద పడి తెగిపోయాయి. భాయి ఆస్పత్రికి వచ్చి ఆ కట్టు వంక చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ రిపేరు తర్వాత నా బండి ఘాటులో ఒక్కసారీ ఆగలేదు. పరుగులో నన్ను గెలిచినవాళ్ళు ఎత్తులో ఆగి ఆవిర్లు కక్కుతుంటే నేను పక్కనుంచి ఎక్కిపోయేవాణ్ణి. అది నా కాలి పనితనం అనుకున్నాను. డ్రైవర్ల సంఘం వాళ్ళు శాలువా కప్పి, నా ఫోటో సంఘం గోడకు తగిలించారు. కింద "మొగిలి ఘాటులో ఆగని డ్రైవరు" అని రాయించారు. ఆ రోజు సభలో నా గొప్పలు నేనే చెప్పుకున్నాను. పరుగు చంపిన మెకానిక్కును రెండు మాటలు కూడా అన్నాను. భాయి ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పోయిన నెల బండి ఇరుసు విప్పింది భాయి కొడుకు. "మామా, ఇవి మీ బండి పళ్ళచక్రాలు కాదు. బరువు లాగే బండివి. వీటితో స్పీడు రాదు గానీ కొండనైనా ఎక్కుతాది," అన్నాడు.

నేరుగా, జబ్బుతో మంచం పట్టిన భాయి దగ్గరకు పోయాను.

"ఏం భాయి, నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పుంటే ఏసుకుందువా?"

"ఏసుకోను."

"అందుకే సెప్పలా. నీకు ఎనిమిది వేళ్ళ బామ్మర్ది సాలు, ఆరు వేళ్ళోడు వద్దనుకున్నా." నవ్వబోయి దగ్గాడు. "పన్నెండేళ్ళు తిట్టినావు కదప్పా, ఇంక మిగిలినాయా?"

మిగల్లేదు. కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన చల్లారబెట్టుకున్న టీ గ్లాసు అందించాను. ఆయన చేతిలో టీ తొణికింది. ఇద్దరం చూశాం.

మా బామ్మర్ది ఈ పొద్దుకీ ఆ ఎనిమిది వేళ్ళతోనే పొలం దున్నుతున్నాడు. దిమ్మె నా సీటు కింద దుమ్ము పట్టి ఉంది.

నా ఫోటో పక్కన భాయి ఫోటో పెట్టమని సంఘాన్ని అడిగాను. స్టీరింగు పట్టనివాడికి మా గోడ మీద చోటెట్లా ఇస్తామన్నాడు అధ్యక్షుడు. ఆ ఘాటు ఎక్కించింది ఎవరో ఇప్పుడు సంఘం సభ్యులు మీ అందరికీ రాసి చెప్పాను. భాయి నలభయ్యో రోజు బుధవారం పడుతుంది. ఆలోగా నాకు కాగితం మీద జవాబు కావాలి. రాకపోతే ఆ బుధవారం పొద్దున నేనే వచ్చి నా ఫోటో దించుకుపోతాను. మేకు మాత్రం పీకను. అది భాయికి.